నూనె డబ్బాతో పొగ తక్కువ కట్టెల పొయ్యి: కొండ జిల్లాల తెలుగువాళ్ళ కోసం

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, సెమిలిగుడ వైపు ఉండే మన ఇళ్ళలో గ్యాసు వచ్చినా కట్టెల పొయ్యి పోలేదు. స్నానాలకి నీళ్ళు, పశువులకి ఉలవలు, పొద్దున్నే చోడంబలి (రాగి అంబలి), పండగకి పిండివంటలు చాలా ఇళ్ళలో ఇప్పటికీ పెరట్లో మూడు రాళ్ళ మీదే అవుతాయి. ఆ మూడు రాళ్ళ పొయ్యి కట్టెలో ఉన్న వేడిలో నూటికి 10 నుంచి 15 వంతులే గిన్నెకి అందిస్తుంది. మిగతాదంతా గాలికీ నేలకీ పొగకీ పోతుంది. ఆ పొగ వండేవాళ్ళ కళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. నాకు కట్టె ఖర్చు కన్నా ఈ రెండో సంగతే ఎక్కువ బాధ. అందుకే ఒక నూనె డబ్బా, కొంచెం పుట్టమన్ను, మిల్లు నుంచి తెచ్చుకునే ఊక బూడిదతో ఇంట్లోనే చేసుకోగల చిన్న పొయ్యి గురించి రాస్తున్నాను.

ఈ పని కొత్తదేమీ కాదు. 1950ల మొదట్లో హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టంతో మట్టి పొయ్యి తయారుచేసి వంటింటి పొగ మీద పనిచేశారు. ఇక్కడ చెప్పే నమూనా వేరు. 1980లలో అమెరికాలోని ఓరెగాన్‌లో ల్యారీ వినియార్‌స్కీ రూపొందించిన రాకెట్ పొయ్యి సూత్రం మీద ఇది నడుస్తుంది. పేరు పెద్దదే గానీ లోపల ఉన్నది ఒక అడ్డ గొట్టం, దాని చివర ఒక నిలువు గొట్టం, వాటి చుట్టూ వేడిని బయటికి పోనివ్వని పొర. అంతే.

ముందు పొగ ఎందుకు వస్తుందో తెలియాలి

కొలతలు బట్టీ పట్టడం కన్నా ఈ ముక్క అర్థం చేసుకుంటే మేలు. అప్పుడు డబ్బా సైజు మారినా మీరే సర్దుకోగలరు.

పొగ అంటే ఇంకా కాలని కట్టె. పుల్ల వేడెక్కితే ముందు దానిలోని తడి ఆవిరవుతుంది, తర్వాత మండే వాయువులు బయటికొస్తాయి. అవి పూర్తిగా మండాలంటే సుమారు 600 డిగ్రీలు దాటిన వేడి, సరిపడా గాలి, ఆ రెండూ కలిసే కొంత చోటు కావాలి. మూడు రాళ్ళ మధ్య మంటకి నాలుగు వైపుల నుంచీ చల్లగాలి కొడుతుంది, పైన గిన్నె అడుగు తగులుతుంది. వాయువులు మండకముందే చల్లారిపోయి పొగగా లేస్తాయి, గిన్నెకి మసిగా అంటుకుంటాయి.

నిలువు గొట్టంలో మంట పెడితే వేడిగాలి వేగంగా పైకి లాగుతుంది, వాయువులు గిన్నెని తాకేలోపు లోపలే మండిపోతాయి. అయితే గొట్టం గోడలు వేడిని మింగకూడదు. చాలామంది తప్పుగా అనుకునేది ఇక్కడే. మట్టి ఎంత మందంగా మెత్తితే పొయ్యి అంత బాగా వేడి నిలుపుతుందని అనుకుంటారు. మందపాటి మట్టి వేడిని నిలిపేది నిజమే, కానీ తనలో నిలుపుకుంటుంది. అరగంటలో అయిపోయే వంటకి ఆ గోడ వేడెక్కేసరికే సగం కట్టె ఖర్చవుతుంది. మనకి కావలసింది పలచటి మట్టి గోడ, దాని వెనక గాలి నిండిన తేలికపాటి పదార్థం. ఫ్లాస్కులో టీ వేడిగా ఉండేది కూడా పలచటి గోడ వెనక వేడిని పోనివ్వని ఖాళీ ఉండడం వల్లే.

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ చుట్టుపక్కల ధాన్యం మిల్లులకి కొదవ లేదు. ఉప్పుడు బియ్యం మిల్లుల దగ్గర, ముఢి (మరమరాలు) వేయించే బట్టీల దగ్గర ఊక బూడిద దొరుకుతుంది. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. ఎంత వేడికైనా కాలిపోదు, చేతికి గాలంత తేలికగా ఉంటుంది. ఈ పనికి డబ్బు పెట్టి కొనే సరుకులు కూడా దీనికన్నా గొప్పగా ఏమీ ఉండవు. అది దొరక్కపోతే మీ పొయ్యిలో బూడిదే జల్లించి వాడండి.

సామాను

15 కిలోల నూనె డబ్బాలు రెండు. ఒకటి పొయ్యి ఒంటికి, రెండోది గిన్నె చుట్టూ పెట్టే రేకుకి. ఈ డబ్బా సుమారు 24 సెంటీమీటర్ల చదరం, 35 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పురుగుమందు, రసాయనాలు పోసిన డబ్బాలు ఎంత కడిగినా వద్దు. మంట తగిలే చోట జింకు పూత ఉన్న జీఐ రేకు కూడా వాడకండి, బాగా కాలితే దాని నుంచి వచ్చే పొగ మనిషికి చెడు చేస్తుంది.

పుట్టమన్ను ఒక బస్తా, సన్న ఇసుక ఒక బస్తా, ఒక బొచ్చెడు ఆవు పేడ, ఊక బూడిద ఒక బస్తా. పుట్టమన్ను తెచ్చేటప్పుడు పాడుబడిన పుట్ట చూసుకోండి. పాములున్న పుట్టలూ, జనం పూజించే పుట్టలూ ముట్టుకోవద్దు. వంశధార ఒడ్డున దొరికే బంకమన్ను కూడా పనికొస్తుంది, దానికి ఇసుక కాస్త ఎక్కువ కలపాలి.

ఒక అరటి బోదె. ఇది అచ్చు కోసం. గెల కోసి పడేసిన చెట్టుది చాలు. 12 మిల్లీమీటర్ల ఇనుప ఊచ ముక్కలు మూడు, పుల్లల పీటకి ఒక మందపాటి ఇనుప రేకు ముక్క. రేకు కత్తెర, సుత్తి, మేకు, చేతులకి గట్టి గుడ్డ. కోసిన రేకు అంచు బ్లేడుకన్నా పదునుగా ఉంటుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి.

సిమెంటు మాత్రం తేవద్దు. గట్టిగా ఉంటుందని మేస్త్రీలు సలహా ఇస్తారు, కానీ పొయ్యి వేడికి సిమెంటు బలం పోయి పొడిపొడిగా రాలుతుంది.

మట్టి కుదరడం

పుట్టమన్నుని పలుగురాళ్ళు ఏరి, జల్లించి, ఒక రాత్రి నానబెట్టండి. ఒక్కో చోటి మట్టిలో బంక ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇంత మట్టికి ఇంత ఇసుక అని నేను ఖాయంగా చెప్పినా మీకు కుదరకపోవచ్చు. మూడు చిన్న బిళ్ళలు చేసి చూడండి. ఒకదానికి మట్టి ఒక వంతు, ఇసుక ఒక వంతు. రెండోదానికి ఒకటికి రెండు. మూడోదానికి ఒకటికి మూడు. నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి. పగుళ్ళు పడింది పక్కన పెట్టండి, బొటనవేలితో రుద్దితే ఇసుక రాలింది కూడా పక్కన పెట్టండి. మిగిలిన పాళ్ళు మీవి. ఆ పాళ్ళకి పదో వంతు పేడ కలిపి బాగా తొక్కాలి. నీళ్ళు తక్కువ పోయండి. చేతికి అంటుకోకుండా ముద్ద కట్టేంత తడి చాలు. తడి ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుని పగులుతుంది.

డబ్బా కోత, అచ్చు

మొదటి డబ్బా పైమూత పూర్తిగా తీసేసి, అంచు లోపలికి మడిచి సుత్తితో కొట్టండి. ముందు వైపు అడుగు నుంచి 5 సెంటీమీటర్లు వదిలి, అక్కడి నుంచి పైకి 10 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రటి రంధ్రం గీయండి. గీత వెంట మేకుతో దగ్గర దగ్గరగా తూట్లు పొడిచి కత్తెరతో కోస్తే సులువు. ఇది పొయ్యి నోరు.

అరటి బోదె పొరలు ఒక్కోటీ ఒలుచుకుంటూ పోతే 10 సెంటీమీటర్ల లావుకి వస్తుంది. రెండు ముక్కలు చెయ్యండి. 25 సెంటీమీటర్లది ఒకటి, ఇది నోట్లోంచి లోపలికి పడుకోబెట్టేది. 35 సెంటీమీటర్లది ఇంకొకటి, ఇది నిలబెట్టేది. నిలబెట్టే ముక్క అడుగుని పడుకున్న బోదె గుండ్రానికి సరిపోయేలా లోపలికి తొలిస్తే దాని మీద కుదురుగా కూర్చుంటుంది. రెండింటినీ వెదురు పుల్లతో గుచ్చి కదలకుండా చెయ్యండి, పాత న్యూస్‌పేపరు చుట్టండి.

డబ్బా అడుగున రెండున్నర సెంటీమీటర్లు ఊక బూడిద పరిచి, దాని మీద రెండున్నర సెంటీమీటర్లు మట్టి పరవండి. ఇప్పుడు బోదె అచ్చు దించండి. అడ్డ ముక్క నోట్లోంచి బయటికి ఒక చెయ్యి పట్టేంత వచ్చి ఉండాలి, నిలువు ముక్క డబ్బాకి సరిగ్గా నడిమధ్యలో నిలవాలి. నాలుగు వైపులా కొలిచి చూసుకోండి. ఒక పక్కకి ఒరిగితే మంట కూడా ఆ పక్కకే వెళ్తుంది.

నింపడం

అచ్చు చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల మందాన మట్టి పెడుతూ, దాని వెనక డబ్బా గోడ దాకా ఊక బూడిద పోస్తూ, నాలుగు వేళ్ళ ఎత్తు చొప్పున పైకి రండి. మట్టిని గట్టిగా అదమాలి, బూడిదని మాత్రం అదమకూడదు. అదిమితే దానిలో గాలి పోతుంది, గాలి పోతే వేడి ఆపే గుణం పోతుంది. మరీ ఎగిరిపోతుంటే చేత్తో కొద్దిగా నీళ్ళు చిలకరించండి. అడ్డ గొట్టమూ నిలువు గొట్టమూ కలిసే మూల దగ్గర మట్టి కాస్త ఎక్కువే పెట్టండి, అన్నిటికన్నా ముందు అరిగేది అదే.

డబ్బా అంచుకి 4 సెంటీమీటర్లు కింద బూడిద ఆపి, పైన అంతా మట్టితో మూసి చదునుగా అలకండి. తడిగా ఉన్నప్పుడే గొట్టం చుట్టూ, దాని అంచుకి కాస్త దూరంలో మూడు ఊచ ముక్కలు నిలువుగా గుచ్చండి. అవి పైకి సరిగ్గా రెండున్నర సెంటీమీటర్లు కనబడాలి. గిన్నె వీటి మీద కూర్చుంటుంది.

ఈ రెండున్నర ఎక్కడిదని అడిగేవాళ్ళుంటారు. మంట వచ్చే గొట్టం వైశాల్యం ఎంతో, అది గిన్నె కింద నుంచి పక్కలకి పోయే దారి వైశాల్యం కూడా అంతే ఉండాలి. దారి ఇరుకైతే ఉక్కిరిబిక్కిరై నోట్లోంచి పొగ తన్నుకొస్తుంది, వదులైతే వేడి గిన్నెకి దూరంగా జారిపోతుంది. గుండ్రటి గొట్టానికి ఆ లెక్క వ్యాసంలో నాలుగో వంతు అవుతుంది. 10 సెంటీమీటర్లలో నాలుగో వంతు రెండున్నర. గొట్టం ఎత్తు వ్యాసానికి మూడు రెట్లు. పొయ్యి లోపలి నేల నుంచి పై అంచు దాకా మనకి 30 సెంటీమీటర్లు వచ్చింది. పొయ్యి పెద్దది చేసినా చిన్నది చేసినా ఈ రెండు లెక్కలూ వదలకండి.

ఆరబెట్టడం

ఈ పని కార్తీకంలో, వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక మొదలుపెడితే పుష్యమాసం చలికి పొయ్యి సిద్ధంగా ఉంటుంది. ఎండలో పెట్టకండి. నీడలో, గాలి తగిలే వసారాలో వదిలెయ్యండి. బోదె తనంతట తానే కుంచించుకుని వదులవుతుంది, అప్పుడు మెల్లగా తిప్పుతూ లాగండి. రాకపోతే కత్తితో లోపల నుంచి ముక్కలుగా తోడెయ్యండి. దాని తర్వాత కూడా రెండు మూడు వారాలు ఆరాలి. సెమిలిగుడ, పొట్టంగి వైపు పొద్దున మంచు పడే చోట్ల ఇంకా ఎక్కువే పడుతుంది.

ఆరిందనిపించాక మొదటి రోజు గడ్డి, కాగితాలు మాత్రమే పావుగంట మండించండి. రెండో రోజు చితుకులు, అరగంట. మూడో రోజు పుల్లలు. తడి ఉండగానే పెద్ద మంట పెడితే లోపలి నీరు ఆవిరై మట్టి పెళ్ళలుగా ఎగిరిపడుతుంది. ఇదే కారణంతో ఏటి గుండ్రాళ్ళు పొయ్యి దగ్గర వాడకూడదు, లోపల నీరు పట్టి ఉన్న రాయి మంటలో పేలుతుంది.

వెంట్రుకవాసి బీటలు పడతాయి, వాటితో టెన్షన్ వద్దు. గోరు పట్టేంత బీట కనబడితే పలచటి మట్టి, బూడిద కలిపిన గుజ్జు పూసి పూడ్చండి.

పుల్లల పీట, గిన్నె రేకు

ఈ రెండు చిన్న ముక్కల్ని చాలామంది అక్కర్లేదని వదిలేస్తారు. వీటిని వదిలేస్తే పొయ్యి సగమే పనిచేస్తుంది.

పుల్లల పీట అంటే నోట్లో అడ్డంగా ఉండే రేకు. నోటి అడుగు నుంచి సుమారు మూడున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పుల్లలు దాని పైన, గాలి దాని కింద. కింద నుంచి వచ్చే గాలి నేరుగా పుల్లల కొసలకి తగులుతుంది, దారిలో వేడెక్కుతుంది కూడా. పీట నిలువు గొట్టం మొదలయ్యే చోట ఆగిపోవాలి, పుల్లల కొసలు మాత్రమే గొట్టం కిందకి చొచ్చుకుపోవాలి. బయటికి అరచెయ్యంత పొడవు ఉంచి, దాని కింద ఒక ఇటుక పెడితే పొడవు పుల్లలు కూడా నిలుస్తాయి.

గిన్నె రేకు రెండో డబ్బా నుంచి వస్తుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు డేకిసా అనుకుందాం. దాని చుట్టూ ఒకటింపావు సెంటీమీటరు ఖాళీ వచ్చేలా రేకు చుట్టాలి. 74 సెంటీమీటర్ల పొడవు ముక్క తీసుకుంటే కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి మడవడానికి సరిపోతుంది. ఎత్తు డేకిసాలో ముప్పాతిక భాగం చాలు, చేతులకి చెవులు అందాలి కదా. ఇప్పుడు వేడి అడుగునే తాకి పోకుండా పక్కల వెంట పాకుతూ పైకి వెళ్తుంది. రోజూ వాడే గిన్నె ఒకటి ఎంచుకుని దానికే కొలిచి చెయ్యండి.

వెలిగించడం, వండడం

కట్టె పొడిగా ఉండాలి. పచ్చి కట్టె బరువులో సుమారు సగం నీరే. కిలో నీటిని ఆవిరి చెయ్యడానికే 540 కిలోకేలరీలు కావాలి, పైగా ఆ ఆవిరి మంటని చల్లారుస్తుంది. మన వైపు జామాయిలు, సరుగుడు, సుబాబుల్ కొమ్మలు పొలాల గట్ల మీదే దొరుకుతాయి. బొటనవేలు లావు నుంచి రెండు వేళ్ళ లావు దాకా చీల్చి, వసారా చూరు కింద వేసవంతా ఆరనివ్వండి. రెండు పుల్లలు ఒకదానికొకటి కొడితే ఖణేల్మని మోగాలి, కొసల్లో చీలికలు కనబడాలి. అడవిలో పచ్చి చెట్టు కొట్టాల్సిన అవసరం ఈ పొయ్యికి లేదు, రాలిన కొమ్మలే సరిపోతాయి. ఇప్ప, గుగ్గిలం చెట్లని బతకనివ్వండి.

గన్నేరు కట్టె వద్దు, దాని పొగ విషం. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ వద్దు. పలాస దగ్గర కాబట్టి జీడిపిక్కల తొక్క చవకగా వస్తుంది, బాగా మండుతుంది కూడా. కానీ దానిలోని నూనె కాలితే వచ్చే పొగ కళ్ళనీ చర్మాన్నీ మండిస్తుంది. ఇంటి పొయ్యిలో అసలు వెయ్యకండి.

కాగితమో ఎండు తాటాకో గొట్టం అడుగున వెలిగించి, మూడు సన్న పుల్లలు కొసలు కలిపి తొయ్యండి. రెండు మూడు నిమిషాలు పొగ ఉంటుంది, గోడ వేడెక్కాక పోతుంది. దాని తర్వాత మూడు నాలుగు పుల్లలు చాలు. కొసలు కాలేకొద్దీ లోపలికి జరుపుతూ ఉండాలి. నోరు నిండా కుక్కితే గాలి దారి మూసుకుపోయి మళ్ళీ పాత పొయ్యే అవుతుంది. మంట గిన్నె అడుగుని తాకుతూ ఉంటే సరి. పక్కల నుంచి నాలుకలు బయటికొస్తుంటే ఒక పుల్ల వెనక్కి లాగండి. అన్నం ఎసరు మరిగాక ఒక్క పుల్లతో నడుస్తుంది. ఊదుగొట్టంతో పని పడకూడదు. పడుతుందంటే కట్టె తడిగానైనా ఉండాలి, పీట కింద బూడిదైనా నిండి ఉండాలి.

మీ పొయ్యి ఎలా ఉందో మీరే తూచి చూసుకోవచ్చు. 3 లీటర్ల నీళ్ళు అదే గిన్నెలో ఒకసారి మూడు రాళ్ళ మీద, ఒకసారి దీని మీద మరిగించి, రెండు సార్లూ ఖర్చయిన కట్టె తూచండి. 25 డిగ్రీల నీటిని మరిగించడానికి సుమారు 225 కిలోకేలరీలు కావాలి. ఆరిన కట్టె కిలోకి 3600 ఇస్తుందనుకుంటే, పదో వంతు మాత్రమే అందించే పొయ్యికి 600 గ్రాముల పైనే పడుతుంది, నాలుగో వంతు అందించే పొయ్యికి 250 గ్రాములు చాలు. మీకు 300 లోపు వస్తే పొయ్యి బాగా కుదిరినట్టే. ఇంకా ఎక్కువైతే ముందు గిన్నె కింద ఖాళీ, తర్వాత కట్టె తడి చూడండి. కొరాపుట్ పీఠభూమి 900 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడితే తప్పు పొయ్యిది కాదు, పప్పు ముందుగా నానబెట్టుకోండి.

ఇంకొకటి చాలా గట్టిగా చెప్పాలి. ఈ పొయ్యికి పొగగొట్టం లేదు. వసారాలో, పెరట్లో, లేదా రెండు వైపులా గాలి ఆడే వంటపాకలో వాడాలి. దేవమాలి కొండ చుట్టుపక్కల ఊళ్ళలో చలికాలం రాత్రిళ్ళు కుంపటి గదిలో పెట్టి తలుపులేసుకుని పడుకునే అలవాటు ఉంది. పొగ కనబడకపోయినా నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ పొయ్యినైనా, దీని నిప్పులనైనా పడకగదిలోకి తీసుకెళ్ళకండి. ముసలివాళ్ళకి చలి అయితే నీళ్ళు కాచి సీసాలో పోసి దుప్పట్లో పెట్టండి.

స్నానాల నీళ్ళకి పెద్దది కావాలంటే

నలుగురైదుగురున్న ఇంట్లో 20 సెంటీమీటర్ల డేకిసా నీళ్ళు ఏ మూలకీ చాలవు. 200 లీటర్ల పాత డ్రమ్ము తీసుకుని 50 సెంటీమీటర్ల ఎత్తులో కోయించండి. డ్రమ్ములో ఇంతకుముందు ఏం పోశారో అమ్మేవాడిని అడిగి తెలుసుకోండి. మండే ద్రవం పోసిన డ్రమ్మైతే లోపల ఆవిరి మిగిలి ఉంటుంది, కోత మిషను నిప్పురవ్వకి పేలుతుంది, దాన్ని కొనవద్దు. గొట్టం 15 సెంటీమీటర్లు, దాని ఎత్తు 45, కాగు కింద ఖాళీ మూడు ముప్పాతిక, పీట ఎత్తు 5 సెంటీమీటర్లు. లోపలి మట్టి గోడ మూడున్నర సెంటీమీటర్లు చాలు, మిగిలిన చోటంతా ఊక బూడిదే. నీళ్ళు నిండిన కాగు బరువు ఎక్కువ కాబట్టి ఊచలు 16 మిల్లీమీటర్లవి వాడి, మట్టిలోకి కనీసం జానెడు దిగేలా గుచ్చండి.